నడుముకు పెట్టుకునే పాటల డబ్బా

ఆగస్టు 3, ఆదివారం
సూర్యాపేట

తమ్మీ ప్రణీత్,

ఇవ్వాల ఫోన్లు చేతికిచ్చిర్రు. వారానికి ఒక్క గంటే. ఆ గంటల అమ్మతోని మాట్లాడాలె, నాయిన తిట్లు వినాలె, నీకు రాయాలె. నీకు ఫోన్ చేస్తే "ఊఁ", "ఆఁ" తప్ప ఏం రాదు. రాస్తే మాత్రం మంచిగ రాస్తవు. అందుకే రాస్తున్న.

ఇక్కడ నలభై మంది ఆడపిల్లలం. అందరం కానిస్టేబుల్ సెలక్షన్‌కే. మా కోచ్ జ్యోతిక మేడం పొద్దున ఐదింటికి గ్రౌండ్‌ల నిలబెడుతుంది. లాంగ్ జంప్ నాకు వస్తది, షాట్‌పుట్ ఫర్వాలేదు. భయమంతా పరుగుకే. ఎనిమిది వందల మీటర్లు, అంటే గ్రౌండ్ చుట్టు రెండు రౌండ్లు, ఐదు నిమిషాల ఇరవై సెకన్లల ఉరకాలె. పోయినసారి తొమ్మిది సెకన్లు ఎక్కువైనయ్, ఇంటికి పంపిర్రు. నీకు యాదున్నది కద, వారం దాక ఎవ్వరి మొహం చూడలే. ఈసారి పోతే మళ్ల నోటిఫికేషన్ ఎప్పుడొస్తదో ఎవరికి తెల్వదు. ఇప్పుడు నా టైం ఐదు నలభై. మొదటి రౌండ్ మంచిగనే ఉరుకుత. రెండో రౌండ్‌ల నీళ్ల ట్యాంకి మలుపు దగ్గర కాళ్లు ఆగిపోతయ్. రోజూ అక్కడనే.

మా రూముల ఒక పిల్ల పాటలు వినుకుంట ఉరుకుతది. ఒకరోజు నాకిచ్చింది. కాళ్ల బరువే తెలియలే. నాకొకటి కొనవా? ఫోన్ వద్దు, మేడం ఒప్పుకోదు. సిమ్ ఉండొద్దు, కెమెరా ఉండొద్దు. మెమొరీ కార్డుతోని నడవాలె. నడుముకు పెట్టుకుని ఉరికేటట్లుండాలె. టెస్ట్ అక్టోబర్ 12. దిల్‌సుఖ్‌నగర్ పోయి చూడు. మన టెంట్ హౌస్‌ల సౌండ్ బాక్సులన్ని నువ్వే చూస్తవు, నీకు చెప్పాల్నా?

గంట అయిపోయింది. మేడం చెయ్యి చాపి నిలబడ్డది.

మీ అక్క
సుష్మిత


ఆగస్టు 6

అక్కా మంచిగున్నవా

నేను ఒక్క ఏలితోని కొడుత గద లేట్ అయితది. నువ్వు పుస్తకం లెక్క రాస్తవు, నాకు అట్ల రాదు. ఎనిమిదిల బందు వెట్టినోన్ని గింతే ఒస్తది.

నిన్న పని లేకుండె. అల్మాస్‌గూడల ఒక్క తొట్టెల ఫంక్షనే, కుర్చీలు ఏసి ఒచ్చిన. నాయినకు చెప్పి దిల్‌సుఖ్‌నగర్ పోయిన. మెట్రో కింద దుకాణాలు మస్తున్నయి. మొదటి దుకాణంల అడుగుదామని పోతే ఇద్దరు ఆడోళ్లుండిర్రు, బయటికొచ్చిన. రెండో దుకాణాయన "ఏం గావాలె" అన్నడు. చార్జర్ వైరు చూపిచ్చిన. ఇచ్చిండు, తీసుకున్న. మూడో దాంట్ల కూడ గట్లనే ఇంకో వైరు. ఇంట్ల ఇప్పుడు కొత్త వైర్లు రెండున్నయి అక్కా, నీకేమన్న గావాల్నా

నాలుగో దాంట్ల ధైర్యం జేసిన. "అన్నా నడుముకు" అన్న. గంతే ఒచ్చింది.

"నడుముకు పెట్టుకునేదా? పాటలా?"

"ఆఁ"

"మెమొరీ కార్డు గావాలె, అంతేనా?"

"ఆఁ"

"సిమ్ము గిట్ల వద్దు గద?"

"వద్దు"

"ఉన్నది తమ్మీ, సూపర్ పీసు" అని డబ్బా కట్టిచ్చిండు. నువ్వు చెప్పినయి అన్ని ఆయననే అడిగిండు, మంచాయన. ఇప్పి చూపియ్యమని అడగబుద్ధి గాలే.

ఇంటికొచ్చి ఇప్పిన. అక్కా ఏం సౌండ్ అక్కా! ఇటుక పెళ్ల కంటె చిన్నగున్నది. నడుముకు బెల్టు ఉన్నది. మన గోదాంల పెడితే రేకులు అదిరినయి. తలకు పెట్టుకునే మైకు కూడ ఉన్నది, అది నీకు అవసరం లేదు గని ఫ్రీ. చెవుల పెట్టుకునేటియి నేను కొనలే, చెవులు ఖరాబైతయి. గింత మంచి బాక్సుకు అవి ఎందుకు.

ఎల్బీనగర్‌ల బస్సు పార్సిల్ ఏసిన. రేపొస్తది.

పని ఉన్నది పోతున్న
ప్రణీత్


ఆగస్టు 10, ఆదివారం

ఒరే మొద్దూ!

ఏం పంపినవురా అది? అది కూరగాయల బండోళ్లు నడుముకు కట్టుకునేది! "టమాట, ఆలుగడ్డ" అని ఒర్రుతరు చూడు, అది!

నేను డబ్బా చూసి మురిసిపోయి, ఐదింటికి చీకట్ల సరిగ చూడక బెల్టు కట్టుకున్న. లైన్‌ల నిలబడి బటన్ నొక్కిన. గ్రౌండంత మోగింది. నాలుగు కుక్కలు నా ఎంబడి పడ్డయి. నేను ఆపుదామంటే బటన్ దొరకలే. కుక్కల భయానికి ఆ రోజు మొదటి రౌండ్ నా జిందగీల ఎప్పుడు ఉరకనంత స్పీడ్‌ల ఉరికిన, అది వేరే ముచ్చట. గోడ అవతల ఇంట్లకెల్లి ఒకామె బుట్ట పట్టుకుని గేట్ దాక వచ్చింది. "ఏమమ్మా, మెంతికూర తెచ్చినవా?" అని అడిగింది.

జ్యోతిక మేడం గుంజుకున్నది. ఇంక అయిపోయిన అనుకున్న. తెల్లారి చూస్తే ఆమెనే కట్టుకుని, తలకు మైకు పెట్టుకుని, "లేవాలె లేవాలె, ఇంక రెండు నిమిషాలు!" అని ప్రతి రూము ముందర తిరుగుతుంది. నలభై మంది నీ పేరు కనుక్కున్నరు. మంచికి కాదు.

నాకు కావాల్సింది గింత ఉంటది రా. అంగీకి పెట్టుకునే పిన్ను లెక్క. నాకొక్కదానికే వినబడాలె. ఊరికి కాదు. దుకాణంల నోరు తెరువు. నిన్ను ఎవరూ తినరు.

కోపం లేదు. నవ్వి నవ్వి కడుపునొప్పి.

సుష్మక్క


ఆగస్టు 14

అక్కా సారీ

నేను సౌండ్ అంటే అందరికి ఇనవడాలె అనుకుంట గద. ఒక్కలే ఇనే సౌండు నేను ఎప్పుడు ఏయలే.

మళ్ల పోయిన. ఈసారి రోడ్డు మీద దుకాణాలు ఒద్దని గల్లీ లోపటికి పోయిన. ఒక పాత దుకాణం ఉన్నది, ఎన్కట క్యాసెట్ల దుకాణమంట, ఇప్పుడు రిపేరీలు, రేడియోలు, గిసొంటియి. పెద్దమనిషి పేరు పట్టాభి. ఆంధ్ర ఆయన, ముప్పై ఏండ్ల కింద ఒచ్చిండంట. నేను మెట్ల కాడ నిలవడ్డ. శానా సేపు నిలవడ్డ. ఆయన కండ్లద్దాలు పైకి ఎత్తి

"ఏం బాబూ, అరగంట నుంచి అక్కడే నుంచున్నావు. వాన కూడా పడటం లేదు కదా" అన్నడు.

ఫోన్‌ల నీ మెసేజు తీసి చూపిచ్చిన. ఆయన మొత్తం సదివిండు అక్కా, పైకి, అందరికి ఇనవడేటట్ల. కుక్కల దగ్గర ఆగి నవ్విండు, కండ్లద్దాలు తుడుసుకున్నడు, మళ్ల సదివిండు.

"ఓహో, కాబోయే పోలీసమ్మకా! ముందే చెప్పొద్దూ" అని లోపట కుర్చీ ఏసిండు.

బల్ల మీద ఐదారు పెట్టిండు. నేను తెర పెద్దగున్నది పట్టుకున్న, మంచిగ మెరుస్తుండె. ఆయన గుంజుకున్నడు. "పరిగెత్తే మనిషికి తెర ఎందుకయ్యా? తెర చూస్తూ పరిగెడితే గోడకి గుద్దుకుంటుంది. చూడకుండా వేలితో తడిమితే బొత్తం దొరకాలి. అదీ ముఖ్యం" అన్నడు. కండ్లు మూసి నొక్కమన్నడు. ఒకదాని మీద బటన్లు అన్ని ఒక్కతీరున్నయి, పాట ఆగుమంటే సౌండ్ పెరిగింది. అది పక్కకు. ఇంకోటి బరువున్నది. "పైజేబులో రాయి వేసుకుని పరిగెత్తమన్నట్టుంటుంది" అన్నడు. అది పక్కకు. ఒకటి చెమట తాకితే చెడిపోతదంట.

మిగిలింది అగ్గిపెట్టె కంటె చిన్నది. తెర లేదు. ఎనుక క్లిప్పు ఉన్నది, బట్టలు ఆరేసే క్లిప్పు లెక్క గట్టిగ పట్టుకుంటది.

అప్పుడు చెవుల పెట్టుకునేటియి. నాలుగు రకాలు నాకిచ్చి "పెట్టుకో. ఇప్పుడు ఎగురు" అన్నడు.

నేను ఆయన దిక్కు చూసిన. దుకాణంల ముగ్గురున్నరు అక్కా.

"ఎగరవయ్యా! నుంచుని చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. ఎగిరితే గానీ అసలు సంగతి తెలియదు" అన్నడు.

ఎగిరిన. మొదటియి పడ్డయి. రెండోయి పడ్డయి. వైర్ లేనియి పెట్టిండు, ఒకటి పోయి మిక్సీ రిపేరుకు తెచ్చిన ఆమె సంచిల పడ్డది. ఆమె, నేను, పట్టాభి సారు ముగ్గురం ఎతికినం. నాలుగోయి చెవి మీదికెల్లి కొక్కెం లెక్క ఒస్తయి, వైరు మెడ ఎనుకకు పోతది. ఇరవై సార్లు ఎగిరిన, పడలే. మిక్సీ ఆమె చప్పట్లు కొట్టింది. నా చెవులు కాలినయి సిగ్గుకు.

పాటలు నేనే ఎక్కిచ్చిన. మన బరాత్ పెన్‌డ్రైవ్‌ల ఉన్నయి అన్ని, ఇరవై ఒకటి. అవి ఇంటె ముసలోళ్లు కూడ లేస్తరు. నువ్వు ఉరుకుతవు సూడు.

ఉంట
ఎగిరిన ప్రణీత్


ఆగస్టు 24, ఆదివారం

తమ్మీ,

పోయిన ఆదివారం రాయలేదు, తప్పుగ అనుకోకు. మేడం అందరినీ డాక్టర్ దగ్గరికి తీసుకపోయింది, మోకాళ్లు చూపియ్యడానికి.

డబ్బా వచ్చింది. మస్తు ముద్దుగున్నది. పెట్టుకున్నట్టే తెలియదు. మా రూముల అందరు ఎక్కడ కొన్నడు మీ తమ్ముడు అని అడుగుతున్నరు.

కాని ఒక మాట చెప్పాలె. అది పెట్టుకున్నంక నేను ఇంకా స్లో అయిన. నిన్న టైం ఆరు నిమిషాల రెండు సెకన్లు. ఇప్పటిదాక ఎప్పుడు ఆరు దాటలే. మేడం ఏమైంది నీకు, జరమా అని నుదురు పట్టి చూసింది. నాకేం అర్థమైతలేదు. నువ్వు అంత తిరిగి కొన్నవు, ఎగిరినవు. పని చేస్తలేదని ఎట్ల చెప్పాలె అని వారం ఊకున్న.

అమ్మకు చెప్పకు. నాయినకు అసలే చెప్పకు, ఆయన ఊరంతకు నా బిడ్డ పోలీసు అని చెప్పి పెట్టిండు.

సుష్మిత


ఆగస్టు 26

అక్కా

నీ మెసేజు సదివి పరేషాన్ అయిన. డబ్బా పాటను స్లో తిప్పుతుంది అనుకున్న. రీల్ గుంజుకపోయినట్ల. పట్టాభి సారు మోసం జేసిండనుకున్న. కొట్లాడాలని పోయిన. దారిల ఏం అనాలో పది సార్లు అనుకున్న. మెట్ల కాడికి పోంగనే మర్సిపోయిన. మళ్ల మెసేజు చూపిచ్చిన.

ఆయన గసొంటిదే ఇంకోటి తీసి, గోడ గడియారం పెట్టి, ఒక పాట ఏసిండు. టైముకు కరెక్టే అయిపోయింది. "యంత్రానికేం కాలేదు. అసలు ఏం పాటలు ఎక్కించావు నువ్వు?" అన్నడు.

"బరాత్‌యి" అన్న.

ఆయన నెత్తి పట్టుకున్నడు. "ఓరి నాయనా! మొన్న మా కాలనీలో మీవాళ్ల బరాత్ పోయింది. పాలబూత్ దగ్గర నుంచి కిరాణా కొట్టు దాకా రావడానికి గంటంబావు పట్టింది. నేను మందులు తెచ్చుకోడానికి గోడ పట్టుకుని పక్క సందులోంచి పోయాను. ఆ పాటకి మీ అక్కని పరిగెత్తమన్నావా?"

అక్కా అప్పుడు సమజయింది నాకు. మనోళ్లకు తీన్మార్ ఇనవడితే కాలు ముంగటికి పోదు. ఆగుతది, ఎగురుతది, ఎనుకకు ఒస్తది, మళ్ల ఎగురుతది. సిన్నప్పటి సంది గంతే గద. నువ్వు ఇంకా స్లో అయినవు అంటే, నీ తప్పు కాదు, నేను ఎక్కిచ్చిన పాట తప్పు.

కని ఒకటి యాదికొచ్చింది. ముహూర్తం దాటుతుంది, తొందరగ నడువుండ్రి అని పెద్దమనుషులు ఒర్రుతరు సూడు. అప్పుడు డప్పోళ్లు తీన్మార్ ఆపి, ఉత్త దెబ్బ కొడుతరు. ఒక్కటే తీరు, డబ్ డబ్ డబ్. ఎగిరేటోళ్లకు ఎగురబుద్ధి గాదు, తెల్వకుండనే కాళ్లు ముంగటికి పోతయి. నేను ఎనుక బాక్సుల బండి మీద కూసొని రోజు చూస్త. ఐదు నిమిషాలల్ల పెండ్లికొడుకు గేటు కాడ ఉంటడు.

నీకు ఆ దెబ్బ కావాలె. పాట కాదు.

నువ్వు ఒక పని జెయ్యి. రెండు రౌండ్లల్ల నీ అడుగులు ఎన్ని పడుతయో లెక్కపెట్టు. కరెక్టుగ గావాలె.

వినాయకుల మండపాలు ఇరవై రెండు ఉన్నయి, రేపు చవితి, పోతున్న
ప్రణీత్


ఆగస్టు 31, ఆదివారం

ప్రణీతూ,

లెక్కపెట్టిన. ఎనిమిది వందల ఎనభై. చవితి నాడు పది నిమిషాలు ఫోన్లిచ్చిర్రు, అప్పుడే నీ మెసేజు చూసిన. మూడు సార్లు లెక్కపెట్టిన, ఒకసారి మూడు వందల దగ్గర ఒక పిల్ల "ఏం తిన్నవు పొద్దున" అని అడిగింది, అంతా పోయింది, మళ్ల మొదటి నుంచి.

నీకు ఎందుకో అర్థం కాలే గని నువ్వు అడిగినవంటే ఏదో ఉంటది. రూముల ఒకామె అంటది, మీ తమ్ముడు నీకు బూట్లు కొంటుండేమో, బూట్లకు అడుగులు అడుగుతరు అని. బూట్లు వద్దు రా, ఉన్నయి. డబ్బులు పాడుచెయ్యకు.

బరాత్ పాటలు తీసేసిన. ఐదు ముప్పై ఏడు.

గణపతి దగ్గర నా పేరు మీద ఒక కొబ్బరికాయ కొట్టు. చిన్న మండపం దగ్గర కొట్టు, అక్కడ ఆయనకు తీరిక ఉంటది.

అక్క


సెప్టెంబర్ 9

అక్కా బూట్లు కాదు

నిమజ్జనం అయినంక డప్పు యాదగిరన్న దగ్గరికి పోయిన. హయత్‌నగర్‌ల ఉంటడు. పది రోజులు కొట్టి కొట్టి చేతులకు బట్టలు కట్టుకొని పండుకున్నడు. నేను గుమ్మం కాడ నిలవడ్డ. నా సంగతి ఆయనకు ఎరుకనే, ఐదేండ్ల సంది చూస్తుండు. "మాట్లాడేదాక లేవ" అని కండ్లు మూసుకున్నడు. ఆఖరికి చెప్పిన, అంతా చెప్పిన. నీ తొమ్మిది సెకన్లు కూడ చెప్పిన. గన్ని మాటలు నేను ఎవ్వలతోని ఒక్కపారి మాట్లాడలే.

లేసి కూసున్నడు. "పిల్ల పరుగు కోసమా? పదా" అన్నడు.

మన గోదాంల రికార్డు జేసినం, పగటి పూట. రేకుల కింద సప్పుడు తిరుగుతది గదా, అందుకే పెండ్లి పరుపులు నాలుగు దిక్కుల నిలవెట్టి నడుమ యాదగిరన్నను కూసోవెట్టిన. నువ్వు చెప్పిన ఎనిమిది వందల ఎనభై ఐదు నిమిషాల పద్నాలుగు సెకన్లల్ల అయిపోవాలె. నాకు లెక్కలు రావు గద, పట్టాభి సారుతోని జేపిచ్చుకున్న. పది సెకన్లకు ఇరవై ఎనిమిది దెబ్బలు. గడియారం పట్టుకొని నేను ఏలు ఊపుతుంటె ఆయన కొట్టిండు. మొదాలు శానా సార్లు తప్పింది. ఆయన చెయ్యి తెల్వకుండనే తీన్మార్‌ల పడుతది, నేను బనీను గుంజుడు, మళ్ల మొదటికి.

ఆఖరికి మంచిగొచ్చింది. ఇని ఆయన "ఉప్పు లేని కూర లెక్కుంది. నడుమ కేక ఏది? కేక లేకుంట డప్పేంది?" అన్నడు. ఆయన గొంతు నిమజ్జనంల పోయింది, గాలే ఒస్తుంది. "నువ్వు ఎయ్యి" అన్నడు.

నేను వద్దన్న. ఆయన కట్టెలు పక్కన పెట్టిండు. ఎయ్యకపోతె కొట్టడంట.

ఏసిన అక్కా. నువ్వు ట్యాంకి మలుపు కాడికి ఎప్పుడొస్తవో లెక్క కట్టి అక్కడ ఏసిన. నవ్వకు. పరుపుల నడుమ నిలవడి ఏసిన గాబట్టి ఎవ్వలికి ఇనవడలే.

కార్డు పార్సిల్ జేసిన, ఈ కింది మాటలు చీటీ మీద కూడ రాసి అందుల పెట్టిన. పాతది తీసి ఇది పెట్టు. ఒక్కదానివే ఇను. ఎవ్వలికి ఇనిపియ్యకు, ఒట్టు.

ప్రణీత్


సెప్టెంబర్ 14, ఆదివారం

నా బంగారు తమ్మీ,

ఏం చెప్పాలె.

మొదటి రోజు డబ్ డబ్ డబ్ అని ఉరుకుతున్న. కాళ్లు వాటంతట అవే పోతున్నయి. మలుపు వచ్చింది. ఎప్పటి లెక్కనే కాళ్లు ఆగుతున్నయి. అప్పుడు చెవిల నువ్వు! "అక్కా ఆగకు! ఉరుకూ!" అని. నీ గొంతు విని రెండు నెలలైంది. అది కూడ గట్ల! నాకు నవ్వు ఆగలే. నడి గ్రౌండ్‌ల కూలబడి నవ్విన. మేడం వచ్చి మళ్ల నుదురు పట్టి చూసింది.

రెండో రోజు నవ్వలే. ఏడుపొచ్చింది, కాని ఉరికిన. ఐదు ముప్పై.

నిన్న ఐదు పదహారు. ఐదు పదహారు రా! మేడం గడియారం చెవికి పెట్టుకుని చూసింది, నడుస్తుందా లేదా అని.

ఒట్టు తప్పిన, తిట్టుకో. రూముల అందరికీ వినిపించిన. ఇప్పుడు పొద్దున నీళ్ల దగ్గర లైన్ కదలకపోతే ఎవరో ఒకరు "అక్కా ఆగకు, ఉరుకూ!" అంటరు. నలభై మందికి నువ్వు తమ్మునివైనవు.

యాదగిరన్నకు దండం పెట్టిన అని చెప్పు.

నీ సుష్మక్క


సెప్టెంబర్ 28, ఆదివారం

తమ్మీ,

తొందరగ రాస్తున్న. హాల్ టికెట్లు వచ్చినయి. దాని ఎనుక రాసి ఉన్నది. ఫోన్లు, గడియారాలు, చెవుల పెట్టుకునేవి, ఏ మిషనూ గ్రౌండ్‌లకు తేవద్దు.

ఈ రూల్ నాకు ముందు తెలియదు. నీకు తెలుసా? పోయినసారి నా దగ్గర ఏం లేకుండె, అందుకే ఎవరు ఆపలే, నేను చూసుకోలే.

రేపటి సంది ఏం చెయ్యాల్నో చెప్త అని మేడం అంటుంది.

సుష్మిత


సెప్టెంబర్ 28

అక్కా ఉన్నవా


సెప్టెంబర్ 28

ఫోన్ ఇచ్చేసినట్టున్నవు


సెప్టెంబర్ 30

అక్కా నువ్వు ఆదివారం దాక చూడవు అని ఎరుకనే, అయినా రాస్తున్న

నాకు తెల్వదు అక్కా. నేను అంత తిరిగిన, బటన్లు చూసిన, బరువు చూసిన, ఎగిరిన, గది ఒక్కటి అడగలే. పట్టాభి సారు కూడ "అయ్యో, నాకైనా తట్టలేదు చూడు" అని దుకాణంల కూసుండి నెత్తి కొట్టుకున్నడు. నీకు అలవాటు చేసిందే నేను. కట్టె పట్టుకొని నడిచెటోనికి కట్టె గుంజుకున్నట్టయింది. నేను కొనకపోతే నువ్వు ఒట్టిగనే నేర్చుకుంటుంటివేమో. పోయినసారి తొమ్మిది సెకన్లే గద ఎక్కువైనయి.

నిన్న ఎల్బీనగర్‌ల బతుకమ్మ స్టేజికి బాక్సులు కట్టిన. ప్లగ్గు ఉల్టా పెట్టిన, నాయిన తిట్టిండు. ఏమైందిరా అన్నడు. ప్లగ్గు మళ్ల సక్కగ పెట్టిన.

నువ్వు కోపంల ఉంటే కోపంల ఉన్న అని రాయి. ఊకుండకు.

ప్రణీత్


అక్టోబర్ 5, ఆదివారం

పిచ్చోడా,

నీ మీద కోపమా? నేను తొందరగ రాసి పెట్టేసిన, నువ్వు ఎనిమిది రోజులు అన్నం తిన్నవో లేదో. అమ్మ చెప్పింది, పండుగ నాడు బొబ్బట్లు కూడ ముట్టలేదంట. తిను.

ఇప్పుడు సంగతి విను. మేడం ఏమన్నదంటే, ఒకరోజు పెట్టుకుని ఉరుకు, ఒకరోజు తీసి ఉరుకు. తీసిన రోజులు మొదట ఐదు ముప్పై ఒకటి, తర్వాత ఐదు ఇరవై ఎనిమిది, నిన్న ఐదు ఇరవై నాలుగు. ఇంక నాలుగు సెకన్లు. నాలుగు సెకన్లంటే ఏంది, తుమ్మినంత సేపు. ఆ తుమ్మే దొరుకుతలేదు.

వినకుండ ఉరికితే మొదటి రౌండ్‌ల దెబ్బ లోపల వినబడుతది. రెండో రౌండ్‌ల మలుపు దగ్గర పోతది. ఎంత గుర్తు తెచ్చుకున్నా రాదు. మేడం నా మొహం చూసి వీపు మీద ఒకటి చరిచింది.

నువ్వు కట్టె గుంజుకున్న అన్నవు. కట్టె పట్టుకుని అయినా ఆ దారి నడిచిన కద. ఇంతకుముందు అది కూడ నడవలే.

ఆదివారం టెస్ట్. పొద్దున ఎనిమిదింటికి నా బ్యాచ్. అయినంక ఫోన్ నాకే ఇస్తరు, క్యాంప్ అయిపోతది.

సుష్మిత


అక్టోబర్ 12, ఆదివారం, రెండు గంటలకు

ప్రణీత్,

బస్టాండ్‌ల కూర్చుని రాస్తున్న. తొందర తొందరగ కొడుతున్న, తప్పులుంటే నువ్వే సరిచేసుకో.

ఇరవై నాలుగు మందిమి బ్యాచ్‌ల. విజిల్ కొట్టిర్రు. మొదటి రౌండ్ మంచిగనే అయింది. రెండో రౌండ్‌ల ఇక్కడ నీళ్ల ట్యాంకి లేదు, కాని మలుపు మలుపే. కాళ్లు గుంజుతున్నయి. లోపల డప్పు పోయింది. బయట విజిళ్లు, మైకులు, ఎవరెవరో పేర్లు పిలుస్తున్నరు. ఇంక అయిపోయింది, ఆగుత అనుకున్న. నా ముంగట ఒక పొడుగు పిల్ల, ఆమె కూడ ఆగుతున్నట్టే ఉన్నది.

నాకేమైందో తెలియదు తమ్మీ. నోరు తెరిచి గట్టిగ ఒర్రిన. "ఆగకు! ఉరుకూ!" అని. నాకు నేనే చెప్పుకున్న. ఆ ముందటి పిల్ల ఎవరో పోలీసు మేడం గద్దించింది అనుకున్నదేమో, బెదిరి ఒక్కటే ఉరుకుడు! ఆమె ఎనుక నేను. నా ఎనుక ఇంకో ముగ్గురు. గీత దాటినంక పొడుగు పిల్ల తిరిగి చూసి, "నువ్వా? నేను ఎస్‌ఐ మేడం అనుకున్న!" అన్నది. ఇద్దరం గడ్డి మీద పడి నవ్వినం.

ఐదు నిమిషాల పదిహేను సెకన్లు. పాస్. లాంగ్ జంప్, షాట్‌పుట్ కూడ అయినయి. కాగితం మీద సంతకం పెట్టిర్రు, నా సంచిల ఉన్నది, ఐదు నిమిషాలకొకసారి తీసి చూస్తున్న.

నాయిన ఫోన్ ఎత్తుతలేడు. మొదట నీకే రాసిన.

సుష్మిత


అక్టోబర్ 12, మూడు గంటలకు

అక్కా

నాయిన ఫోన్ ఎత్తుతలేడంటే ఎందుకు ఎత్తుతడు, మేమిద్దరం ఎల్బీనగర్‌ల ఫంక్షన్ హాల్‌ల ఉన్నం. మల్లికార్జునరావు సారని ఒకాయనది రిటైర్మెంట్ ఫంక్షన్. మూడు వందల మంది. పొద్దుగాల సంది ఒక్కలెనుక ఒక్కలు ఆయన గొప్పోడు, ఆయన గొప్పోడు అని మాట్లాడిర్రు. అన్నాలకు పిలువలే. సగం మంది నిద్రల ఉండిర్రు.

నేను స్టేజి పక్కన మిషన్ కాడ ఉన్న. మాట్లాడెటోళ్ల మైకు ఒకటి గరగర అంటుంటే మార్చి, ఇంకోటి చేతిల పట్టుకొని చూస్తున్న. నేను ఎప్పుడు హలో హలో అనను గద, గోటితోని కొట్టి చూస్త. గప్పుడే నీ మెసేజు ఒచ్చింది. ఒక చేతిల మైకు, ఒక చేతిల ఫోను. సదివిన. పదిహేను సెకన్లు అన్న కాడికి ఒచ్చిన.

ఒర్రిన అక్కా. "మా అక్క పాసయిందీ!" అని. మైకు ఆన్ ఉండె.

హాల్ మొత్తం లేసింది నిద్రల కెల్లి. స్టేజి మీద మాట్లాడేటాయన ఆగిపోయిండు. నాయిన వంట కాడికెల్లి గరిట పట్టుకొని ఉరికొచ్చిండు. నాకు భూమిల పోవాల్ననిపించింది. మైకు పక్కకు పెడుదామనుకున్న.

మల్లికార్జునరావు సారు దండలు ఏసుకొని కూసుండు గద, ఆయన లేసి, "ఏమిటి బాబూ, దేంట్లో పాసయింది మీ అక్క?" అన్నడు. కోపంల అన్లే, నిజంగనే అడిగిండు.

మూడు వందల మంది నా దిక్కే చూస్తుండ్రు.

"పోలీసు పరుగుల సార్" అన్న. మైకుల అన్న. "ఎనిమిది వందల మీటర్లు. ఐదు నిమిషాల పదిహేను సెకన్లు. పోయినసారి తొమ్మిది సెకన్లు ఎక్కువైనయి. ఈసారి ఐదు తక్కువ ఒచ్చినయి."

చప్పట్లు గొట్టిర్రు అక్కా. సారుకు గొట్టిన దానికంటె గట్టిగ గొట్టిర్రు. సారు కూడ గొట్టిండు. దండలల్ల ఒకటి తీసి నాయిన మెడల ఏసిండు, నాయిన గరిట ఎత్తి అందరికి దండం పెట్టిండు. ఎనుక కెల్లి ఎవ్వలో "ఇగ అన్నాలు పెట్టుండ్రి!" అన్నరు, అందరు లేసిర్రు.

నాయిన అంటుండు, ఆ తర్వాత కూడ నేను మైకుల ఇంకేందో మాట్లాడిన్నంట, మా అక్క ఇట్ల, మా అక్క అట్ల అని. నాకు యాదికి లేదు. నాయిన ఇప్పుడు ఒక్కొక్క బల్ల కాడికి పోయి, పప్పు వడ్డిచ్చుకుంట, అది మళ్ల చెప్తుండు.

ఏ బస్సుల ఒస్తున్నవో రాయి. పెద్ద అంబర్‌పేట్ కాడికే ఒస్తం, ఇద్దరం.

తమ్ముడు